మా అన్నని దాటడానికి కొన్న కారు

ఇది పల్నాడులో ఒకే ఇంటిపేరు మోస్తున్న ఇద్దరి మధ్య రగిలిన పగ కథ. ఇందులో నిండు ఎండలో జరిగిన అవమానం ఉంది, పెళ్ళిపందిట్లో పట్టిన శపథం ఉంది, శత్రువుని వెంటాడటానికి సమకూర్చుకున్న వాహనం ఉంది. తరాలపాటు చెప్పుకోవాల్సిన కథ. తీరిక చేసుకుని, మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోండి.

అంత లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒక పాత కారు కొనుక్కుంది, అంతే. నెత్తురు ఒక్కసారే వచ్చింది, అదీ బానెట్ మూసేటప్పుడు నా వేలు నలిగి. పల్నాడు అనగానే జనం యుద్ధం కోసం ఎదురుచూస్తారు కాబట్టి మొదటి పేరా వాళ్ళ కోసం రాశాను.

పగ మాత్రం నిజం. అందులో కల్తీ లేదు.

మాది గురజాల దగ్గర ఊరు. మా పెదనాన్న కొడుకు, అంటే నాకు అన్న, ఎదురింట్లో ఉంటాడు. పురుగుమందుల కొట్టు నడుపుతాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. అప్పట్లో మా రెండిళ్ళకీ కలిపి ఒకటే కారు, అది అన్నది. తెల్లటిది, పొడవాటిది, లోపల ఎప్పుడూ కొత్త చెప్పుల వాసన వచ్చేది. ఏ శుభకార్యానికైనా మేము అందులోనే వెళ్ళాలి. బదులుగా దారి పొడవునా దాని గొప్పలు వినాలి. బస్సుకైతే ఒకసారి టికెట్టు తీసుకుంటే చాలు, ఈ కారుకి ఊరు చేరేదాకా తీసుకుంటూనే ఉండాలి అని అమ్మ అనేది. అన్న ముందు కాదు, ఇంటికొచ్చాక, తలుపు వేసి.

నేను ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలంలో మాచర్లలో దగ్గరి చుట్టాల పెళ్ళి. అమ్మా నాన్నా ముందురోజే పనులకి సాయంగా వెళ్ళారు. నేను అన్న కారులో బయల్దేరాను. ముందు అన్న, పెదనాన్న. వెనక వదిన, పెద్దమ్మ, నేను. నా ఒళ్ళో పెళ్ళికి చదివించబోయే మిక్సీ అట్టపెట్టె. డిక్కీలో పెడితే గీతలు పడతాయని అన్న దాన్ని నాకప్పగించాడు. నాకు గీతలు పడితే పరవాలేదన్నమాట.

రెంటచింతల రాగానే అన్న కారాపాడు. అక్కడ వదిన తమ్ముడు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో, చెట్టుకింద నిలబడి ఉన్నాడు. ఆయనా పెళ్ళికే. రెంటచింతల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎండాకాలంలో రాష్ట్రమంతా ఎంత ఉడుకుతోందో చెప్పడానికి వార్తల్లో వాళ్ళు ముందు ఆ ఊరి పేరే చదువుతారు. బావమరిదిని చూసి అన్న వెనక్కి తిరిగాడు. కారులో ఉన్నవాళ్ళందర్నీ ఒకసారి లెక్కగా చూసి, చూపు నామీద ఆపాడు.

"నువ్వు చిన్నదానివి గదే. బస్సులో వచ్చెయ్. ఎంతసేపు."

వదిన చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పెదనాన్న అద్దంలోంచి బయటికి చూస్తూ ఈ యేడు మిర్చి బాగా పండిందన్నాడు. నేను దిగాను. తెల్ల చొక్కా ఎక్కింది. కారు వెళ్ళిపోయాక గమనించాను, మిక్సీ నా చేతుల్లోనే ఉంది.

బస్సు వచ్చిందా అంటే వచ్చింది. చాలాసేపటికి వచ్చింది. కూర్చోడానికి చోటు లేదు. నేనూ మిక్సీ నిలబడే మాచర్ల చేరాం. మండపం గుమ్మంలో అన్న ఎదురొచ్చి, "ఏందే ఇంత లేటు, దీనికోసరమే జూస్తన్నా," అని నా చేతుల్లోంచి పెట్టె తీసుకెళ్ళి చదివింపుల బల్ల దగ్గర ఇచ్చాడు. మరుక్షణం మైకులో వినిపించింది. ఫలానా ఊరి నుంచి ఫలానా దంపతులు, మిక్సీ. అన్న వినయంగా తల వంచాడు. ఎండలో మిక్సీని ఎత్తుకొచ్చిన మనిషి పేరు మైకులో రాలేదు. ఆ మనిషి చెమటతో స్తంభం పక్కన నిలబడి ఉంది. భోజనాలకి వెళ్తే ఆఖరి బంతి లేచిపోయి, మజ్జిగ మిగిలింది.

శపథం చేసేటప్పుడు జడ విప్పుకోవాలని తెలుసు. చెమటకి రిబ్బను బిగుసుకుపోయి ముడి రాలేదు. జడతోనే చేశాను. నేనొక కారు కొంటాను, గురజాల నుంచి మాచర్ల వెళ్ళే రోడ్డు మీద అన్న కారుని దాటతాను, దాటి పక్కకి తప్పుకోకుండా మాచర్ల దాకా నా వెనకే దుమ్ములో నడిపిస్తాను. ఈ మాట మజ్జిగ గ్లాసుతో తప్ప ఎవరితోనూ అనలేదు.

పద్దెనిమిది నిండి, నరసరావుపేటలో డిగ్రీలో చేరాక ఇంట్లో కారు మాట కదిపాను. చవకైన కారు అని చెప్పాను. వేగమైనది అనే రెండో సగం మింగేశాను. నాన్న ససేమిరా అంటాడనుకున్నాను. కానీ నాకంటే ముందు అమ్మ మొదలుపెట్టింది. ఎన్నాళ్ళు ఆళ్ళ కారులో ఒదిగి కూర్చునేది, దిగేటప్పుడు చెప్పులు దులుపుకో అని నన్నంటాడా వాడు అని అడిగింది. అమ్మకి కూడా ఒక సొంత పగ ఉందని, అది నాదానికంటే పాతదని ఆరోజే తెలిసింది. మిర్చి ధర బాగున్న ఏడాది కావడంతో నాన్న సరే అన్నాడు.

నేను ఫోనులో చదువు మొదలుపెట్టాను. డిగ్రీ పుస్తకాలు అంత శ్రద్ధగా చదివి ఉంటే ఈపాటికి ఇంకేదో రాస్తూ ఉండేదాన్ని. ఏ బండి నిలబడ్డ చోటు నుంచి వంద వేగం ఎన్ని క్షణాల్లో అందుకుంటుందో నాకు నోటికొచ్చు. నాన్నకి చెబితే ఓపిగ్గా విని, మన రోడ్డు మీద వంద ఎక్కడ అందుకుంటావమ్మా అన్నాడు. ఊరు దాటగానే స్పీడు బ్రేకరు, తర్వాత గేదెలు, ఆ తర్వాత సగం రోడ్డు మీద ఆరబోసిన మిరపకాయలు. అందుకున్నా దాన్ని పెట్టుకునే చోటు లేదు.

నరసరావుపేటలో పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీలు తిరిగాం. అక్కడ ఒక ఎర్ర కారు నన్ను చూసింది. నేను దాన్ని చూశానంటే సరిగ్గా చెప్పినట్టు కాదు. వెనక రెక్క, కింద లావుపాటి సైలెన్సరు, స్టార్ట్ చేస్తే పక్క కొట్టులో గాజుగ్లాసులు మోగాయి. అన్న అద్దంలో ఆ ఎరుపు పెద్దదవుతూ రావడం కళ్ళముందు కనిపించింది. నాన్న చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు ఒక రంగు, తలుపులు ఇంకో రంగు ఎర్రగా ఉన్నాయి, దీనికి ముందే ఎవరితోనో గొడవైంది అన్నాడు. అమ్మ వెనక సీట్లో కూర్చుని, కదలని కారులోనే తల తిరుగుతోందని దిగిపోయింది. ఎర్ర కారు కథ అక్కడితో అయిపోయింది. ఇప్పటికీ రోడ్డు మీద ఎరుపు కనిపిస్తే మెడ తిప్పుతాను.

మా ముగ్గురికీ కుదరని దాన్ని తేల్చడానికి నాన్న ఒక పెద్దమనిషిని పెట్టాడు. మా అమ్మ వాళ్ళ నాన్న, మాచవరంలో ఉండే తాత. తాతకి కార్ల గురించి ఏమీ తెలియదు. కానీ బండలాగుడు పోటీలకి ఎద్దుల్ని ఎంచడంలో ఆ చుట్టుపక్కల ఆయనదే చివరి మాట. ఆయన ఊఁ అన్న ఎద్దు ఓడిపోయిన రోజున జనం ఎద్దుని తిట్టారు గానీ ఆయన్ని తిట్టలేదు. కొనేది ఏదైనా కొనేదే కదా, చూసే కన్ను ఒకటే అని నాన్న వాదన. మా ఇంట్లో దీన్ని తర్కం అంటారు.

కన్సల్టెన్సీ నడిపే భాయ్ ఒక బూడిదరంగు చిన్న పెట్రోలు కారుని మాచవరం తీసుకొచ్చాడు. నిజానికి అది చెడ్డ బండి కాదు. తేలికైన ఒళ్ళు, ఒకే చేతిలో పెరిగింది, కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. ఆ ఒంటికి ఆ ఇంజను చాలు, ఖాళీ రోడ్డు దొరికితే బాగానే పరుగెత్తుతుందని ఫోనులో చదివాను. ఎద్దుల్ని తోలే మైదానంలో దాన్ని నిలబెట్టారు. తాత తువ్వాలు భుజాన వేసుకుని దాని ముందు నిలబడ్డాడు.

"ఎన్ని పళ్ళది?"

"పళ్ళు కాదు పెద్దాయనా, ఎనిమిదేళ్ళది."

"ఎనిమిదేళ్ళా. నోరు తెరువు."

భాయ్ బానెట్టు ఎత్తాడు. తాత లోపలికి చాలాసేపు చూశాడు. ఎడమ తలుపు మీద ఉన్న సొట్టని వేలితో తడిమి, సుడి ఉండకూడని చోట ఉందన్నాడు. తర్వాత వెనక్కి నడిపించమన్నాడు. గుణం తెలియాలంటే వెనక్కే నడిపించాలట. భాయ్ రివర్సులో నడిపాడు. తాత దాని వెనకచక్రాల నడక చూసి తల ఊపాడు. నాకు ఆశ పుట్టింది. ఇది వేగంగా వెళ్తుందా తాతా అని మెల్లగా అడిగాను.

"ఉరికేది దేనికే? కుక్క గూడా ఉరుకుద్ది. లాగుద్దా లేదా, అది జూడాలి."

మైదానం చివర ఎద్దులకి తాలీము ఇచ్చే బండ ఉంది. తాత దానివైపు చూశాడు. నాన్న తాత వైపు చూశాడు. ఇక్కడ ఎవరో ఒకరు వద్దనాల్సింది. భాయ్ అంటాడనుకున్నాను. కానీ ఆయనది కూడా ఈ నేలే, తిరనాళ్ళలో బండలాగుడు చూడటానికి కొట్టు మూసుకుని వెళ్ళే మనిషి. కారు బండని లాగుతుందా లేదా అన్న అనుమానం ఒకసారి పుట్టాక ఆయన కూడా ఆపుకోలేకపోయాడు. మోకు తెచ్చి వెనక కొక్కేనికి ఆయనే కట్టాడు.

నన్ను ఎక్కమన్నారు, కొనేది నేనే కాబట్టి. నాకు అప్పటికి తోలడం వచ్చిన బండి నాన్న ట్రాక్టరొక్కటే. ట్రాక్టరులో బరువు లాగేటప్పుడు క్లచ్ సగం వదిలి, యాక్సిలరేటరు తొక్కి పట్టుకోవడం నాకలవాటు. అదే చేశాను. కారు వణికింది. చుట్టూ చేరిన జనం అరుస్తున్నారు. తాత పక్కన నడుస్తూ, ఎద్దుని అదిలించినట్టు నాలుక చప్పరిస్తూ, బానెట్టు మీద అరచేత్తో చరుస్తున్నాడు. కొబ్బరిపీచు కాలిన వాసన మొదలైంది. బండ జానెడు జరిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంజను ఆగిపోయింది.

భాయ్ మోకు విప్పి చుట్టగా చుట్టాడు. ఆఖరికి నాన్నతో, "క్లచ్ పోయింది బాబాయ్. బండ గూడా జరిగింది, అదీ నిజమే," అన్నాడు.

ఎద్దుని పరీక్షకని తీసుకెళ్ళి, మన చేతిలో ఉండగా కుంటిదాన్ని చేస్తే కొనుక్కోవాల్సిందే. మా వైపు అది మర్యాద. ఆ మర్యాద కార్లకి వర్తించదని చెప్పేవాళ్ళు ఆ మైదానంలో ఒక్కరూ లేరు. నాన్న అక్కడికక్కడే మాటిచ్చేశాడు. భాయ్ కూడా మర్యాదస్తుడే, కొత్త క్లచ్ వేయించి పంపాడు. అలా నేను నా మొదటి కారుని ఎంచుకున్నాను. ఎంచుకున్నాను అనే మాటకి ఇంతకంటే తక్కువ అర్హత ఉన్న సందర్భం నాకు గుర్తులేదు.

కారు ఇంటికొచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. ఎదురింటి గుమ్మంలోంచి అన్న చూసి, అగ్గిపెట్టె బాగుందే అన్నాడు. నవ్వాను. అగ్గిపెట్టె దేనికి పనికొస్తుందో తర్వాత చూద్దువుగానిలే అనుకున్నాను.

అప్పుడు చట్టం అడ్డొచ్చింది. నా దగ్గర ఉన్నది ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు. దానితో నడపాలంటే కారుకి ముందూ వెనకా ఎర్ర ఎల్ అక్షరం అతికించాలి, పక్క సీట్లో పూర్తి లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. అతికించే పని నాన్న చేశాడు. కృష్ణ అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా జాగ్రత్తపడేంత పెద్ద అక్షరం తెచ్చాడు. పక్కన కూర్చునే పని ఆయన వల్ల కాలేదు. నాన్న నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ట్రాక్టరు తోలుతున్నాడు గానీ, లైసెన్సు మాటెత్తితే అది ఊళ్ళో ఉన్నవాళ్ళకి కూడా కావాలా అన్నట్టు చూస్తాడు. అమ్మకి లేదు. తాతకి ఎద్దుల బండికి లైసెన్సు అడిగినవాడే లేడు. మా వీధి మొత్తంలో కారు లైసెన్సు ఉన్నది ఒకే ఒక్క మనిషికి. నాకు చెప్పకుండానే నాన్న వెళ్ళి అడిగొచ్చాడు. మనిషి సంతోషంగా ఒప్పుకున్నాడు.

అలా నా పగ పక్క సీట్లోకి వచ్చి, సీటు వెనక్కి జరుపుకుని కూర్చుంది.

దాటాల్సినవాడు పక్కనే కూర్చుంటే దాటడం కుదరదు. ఎంత వేగంగా వెళ్ళినా ఇద్దరం ఒకేసారి చేరతాం. ఈ చిన్న విషయం శపథం చేసినరోజు నాకు తట్టలేదు. పైగా అన్న రోజూ పొద్దున్నే టంచనుగా వచ్చేవాడు. విసుక్కునేవాడు కాదు. అద్దాలు చూడమనేవాడు, ట్రాక్టరు అనుకున్నావా వెనక్కి తిరిగి జూస్తన్నావ్ అనేవాడు. నేను మలుపు తిప్పినప్పుడల్లా తన వైపు లేని బ్రేకుని కుడికాలితో తొక్కేవాడు. కోపంగా ఉండటానికి ఆయన ఒక్కసారి కూడా సాయం చేయలేదు. అన్నిటికంటే మండించిన విషయం, రెంటచింతల ఊసు ఆయన ముఖంలో ఎక్కడా లేదు. అవమానించినవాడు మర్చిపోతే పడ్డవాళ్ళు ఒక్కళ్ళే దాన్ని మోయాలి. మిక్సీలాగే.

కాబట్టి పథకం మార్చాను. దాటను. దించుతాను.

సమయం కూడా కుదిరింది. మళ్ళీ ఎండాకాలం వచ్చింది. సాగర్ డ్యాము పక్కన విజయపురి సౌత్‌లో మా మేనత్త ఉంటుంది. మావయ్య ఇరిగేషన్‌లో పని చేస్తాడు, క్వార్టర్స్‌లో కాపురం. అత్తకి కొత్త ఆవకాయ డబ్బా ఇచ్చి రమ్మని అమ్మ నన్నూ అన్ననీ పంపింది. గురజాల, రెంటచింతల, మాచర్ల, ఆ తర్వాత సాగర్. దారిలోనే ఉంది నాకు కావలసిన ఊరు. పగకి అడ్రసు ముఖ్యం.

ఏసీ వేయలేదు. వేస్తే బండి లాగదన్నా అని చెప్పాను. అబద్ధం కాదు, కొంచెం పెంచి చెప్పిన నిజం. ఆయన వైపు అద్దం సగం దిగి ఆగిపోతుంది. అది మాత్రం నేను కావాలనే బాగు చేయించలేదు. ఖాళీ రోడ్డు దొరికినప్పుడు తొక్కాను. చెబితే నమ్మరు, అగ్గిపెట్టె బాగానే పరుగెత్తింది. అన్న తలపైన పిడి పట్టుకుని, "ఎవరి పెళ్ళికే ఇంత తొందర," అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచే రావడం నాకు శుభశకునంలా తోచింది.

రెంటచింతల దగ్గరపడింది. టైరులో ఏదో చప్పుడొస్తోంది, దిగి చూడు అనే మాట నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. అన్న కళ్ళజోడు తుడుచుకుంటూ బయటికి చూశాడు.

"ఇక్కడ నన్ను దించెయ్యరాదా. మా బావమరిది ఇంటో చేపలకూరంట. తిని సాయంత్రం కొస్తా."

కారు ఆపలేదు. అత్త ఎదురుచూస్తుందని చెప్పి ముందుకి తోలాను. ఆయన్ని ఆ ఊళ్ళో దించితే అది శిక్ష కాదు, ఆతిథ్యం. తర్వాత మాచర్ల. అక్కడ పురుగుమందుల డీలర్లంతా ఆయన స్నేహితులే, కూర్చోబెట్టి కూల్‌డ్రింకు పోస్తారు. మా అన్నకి చుట్టం గానీ, బాకీదారు గానీ, కలిసి చదువుకున్నవాడు గానీ లేని చోటు పల్నాడులో ఉందా అని వెతుక్కుంటూ సాగర్ రోడ్డు ఎక్కాను. మాచర్ల దాటాక చాలాదూరం వెళ్తే గానీ దొరకలేదు. రెండువైపులా రాళ్ళ గుట్టలు, ముళ్ళచెట్లు. మనిషి లేడు, నీడ లేదు. చిన్న తూము పక్కన ఆపి, టైరు మాట చెప్పాను.

అన్న దిగాడు. వెనక చక్రం దగ్గర వంగాడు. నేను గేరు వేశాను.

అద్దంలో మా అన్న చిన్నవాడయ్యాడు. ముందు నడుముమీద చెయ్యి పెట్టుకున్నాడు, తర్వాత ఆ చెయ్యి ఊపాడు, తర్వాత తెల్లటి చుక్క. నాకు జాలి కలిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కలగలేదు. హాయిగా ఉంది. ఎండలో మంచినీళ్ళు తాగినంత హాయిగా ఉంది. ముందున్న మలుపు తిరిగేదాకా అద్దం మీంచి కళ్ళు తిప్పలేదు, అద్దాలు చూడమని నేర్పింది ఆయనే కదా. అన్న ఫోను నా పక్కన ఛార్జింగులో ఉందని చూసి ఇంకా కొంచెం సంతోషించాను.

మలుపు తిరిగాక ఒక వేపచెట్టు కింద ఆగాను. ఆగింది మనసు మార్చుకుని కాదు. ముందు డ్యాము దగ్గర పోలీసుల చెక్‌పోస్టు. వెనక మాచర్ల సెంటర్లో కూడా పోలీసులు. కారుకి రెండువైపులా చాటంత ఎల్ అక్షరం, పక్క సీటు ఖాళీ. ముందుకి వెళ్తే పట్టుకుంటారు, వెనక్కి వెళ్తే అన్న ఉన్నాడు. శత్రువుని దించేశాక యోధులు ఎటు వెళ్తారో నేను ముందే ఆలోచించుకోవాల్సింది.

కాసేపటికి వెనక నుంచి బస్సు హారను వినిపించింది. సాగర్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్. కిటికీ పక్కన, గాలికి జుట్టు ఎగురుతూ, అన్న. నన్ను చూసి ఏదో అన్నాడు, వినపడలేదు. బస్సు ఆగలేదు. నన్ను దాటి వెళ్ళిపోయింది. దాటినవాళ్ళు, దాటబడినవాళ్ళు అని లెక్క వేస్తే ఆరోజు ఫలితం ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు.

చాలాసేపు అలాగే కూర్చున్నాను. అన్న ఫోను మోగింది. చూస్తే అత్త.

"ఏమే, అన్న వచ్చాడు గానీ పచ్చడేదే?"

దారిలో ఉన్నానన్నాను. అన్న చెప్పాడులే, ఆడనే ఉండు, కదలబాక, తిన్నాక వస్తాడంట అంది. వెనక నుంచి కంచాల చప్పుడు, ఫ్యాను చప్పుడు, కోడికూర ఇంకాస్త వేయనా అని మావయ్య అడగడం స్పష్టంగా వినిపించాయి. నా దగ్గర డబ్బా నిండా ఆవకాయ ఉంది. అన్నం లేదు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. మా అమ్మ ఆ యేడు కారం కొంచెం ఎక్కువే వేసింది. మంచినీళ్ళ సీసా ఖాళీ.

ఎండ వాలుతుండగా ఆటోలోంచి అన్న దిగాడు. చేతిలో పులిహోర పొట్లం. కారు చుట్టూ నడిచి, నాలుగు టైర్లనీ ఒక్కొక్కదాన్నీ కాలితో తన్ని చూసి, వచ్చి తన సీట్లో కూర్చున్నాడు.

"టైరు బానే ఉందే."

"తెలుసు," అన్నాను.

పొట్లం నా ఒళ్ళో పెట్టాడు.

"రెంటచింతల్లో దించినందుకేనా?"

గుర్తుందన్నమాట. ఇన్నాళ్ళూ గుర్తుండి కూడా అద్దాలు చూడు, గేరు మార్చు అంటూ కూర్చున్నాడు. నాకు కొత్తగా ఇంకోసారి మండింది.

"మిక్సీకి గూడా," అన్నాను.

"ఆ మిక్సీ వాళ్ళు పెట్టె గూడా విప్పలేదంట. ఇంకా చానా వచ్చినయ్యంట." గొంతు సవరించుకున్నాడు. "ఆరోజు మీ వదిన గూడా నన్ను తిట్టింది. చిన్నపిల్లని ఎండలో దించావని. ఏదో ఒకటి అందామనుకున్నా నీతో. మాట రాలా."

క్షమించమని అడగబోతున్నాడేమో అని భయం వేసింది. ఇంత కష్టపడి పెంచుకున్న పగ, ఒక్క మాటతో పాడైపోతుంది. పులిహోర విప్పి నోరు నింపుకున్నాను, నేను మాట్లాడలేనని ఆయనకి కనిపించేలాగా.

"ఇంక చెల్లుకి చెల్లా?" అన్నాడు.

"చెల్లదు." మింగేదాకా ఆగి చెప్పాను. "నువ్వు కోడికూర తిన్నావు. నేనారోజు మజ్జిగ తాగాను. నిన్ను దించింది లెక్కలోకి రాదు. నీ కారులో నువ్వుండాల, నా కారులో నేనుండాల, నిన్ను దాటాల."

అన్న నావైపు తిరిగి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేసి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. పొద్దున ఖాళీ రోడ్డు మీద అది పరుగెత్తిన సంగతి ఆయనకి గుర్తొచ్చిందని నాకనిపించింది. ఆయన ముఖంలో ఏదో చిన్న బెదురు కదిలిందని నేను ఒట్టేసి చెప్పగలను. చెప్పడానికి సాక్షులు లేరు.

"లైసెన్సు తెచ్చుకో. నీ పాటికి నువ్వు రా. నేను నా బండి తీస్తా. దారి మాత్రం ఇయ్యను," అన్నాడు.

ఇయ్యొద్దు అన్నాను. జీవితంలో అంత గౌరవంగా నన్నెవరూ పిలవలేదు. బండి స్టార్ట్ చేశాను. అత్త ఇంటికి వెళ్ళి పచ్చడి ఇచ్చాం. డబ్బా మూత తీసి, అంచున ఒక ముక్క తగ్గిందని అత్త కనిపెట్టేసింది.

ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఫోనులో లైసెన్సు సంగతి వెతికాను. పరీక్షకి ముందుగా స్లాటు తీసుకోవాలి. పరీక్ష నరసరావుపేటలో. మన బండి మనమే తీసుకెళ్ళాలి. పరీక్ష పాసయ్యేదాకా ఎల్‌ఎల్‌ఆరే కాబట్టి, అక్కడిదాకా వెళ్ళడానికి పక్క సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి.